ఆదివారం ఆదుర్రు వెళ్లొచ్చాను

గ్రూపులో అందరికీ నమస్కారమండి. నిన్న పనిమీద మామిడికుదురు వెళ్లి, అటునుంచి ఆదుర్రు బౌద్ధస్తూపం చూసొచ్చాను. ఊళ్లోవాళ్లు దుబరాజు గుడి అంటారు. గోదావరి వైనతేయ పాయ దగ్గర, కొబ్బరితోటల మధ్య, బండిచక్రంలా ఆకులు (అదే, చక్రం మధ్యనుంచి అంచుదాకా ఉండే చువ్వలు) తీర్చిన ఇటుక కట్టడం. పైనంతా కూలిపోయి పునాదే మిగిలింది. ఆ ఆకులు నేలమీద నిలబడితే సరిగ్గా అర్థం కావు, గట్టెక్కి చూడాలి. కట్టినవాళ్లు ఎవరికోసం అలా తీర్చారో అని చాలాసేపు కూర్చుండిపోయాను. (టీ దొరకలేదు, ఫ్లాస్కు పట్టుకెళ్లండి.)

వచ్చేటప్పుడు కారులో బాలమురళీకృష్ణగారి లవంగి రాగం విన్నాం. ఆయనదీ కోనసీమేనండి, 1930లో శంకరగుప్తంలో పుట్టారు. స్వరాలు నాలుగే: స, రి, మ, ద. మిగతావి ఎందుకు గుర్తుకు రావో నాకైతే అంతుపట్టలేదు. మా అబ్బాయి మాత్రం నిద్రపోయాడు.

వచ్చే ఆదివారం రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావుగారి చిత్రశాలకి వెళ్దామా? 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారాయన. ఆ బొమ్మల్ని ఫోనులో కాదు, ఎదురుగా నిలబడి చూడాలి. వచ్చేవాళ్లు బుధవారంలోగా చెప్పండి, బండి మాట్లాడాలి. ఆయ్!