వార్షిక నివేదిక: గోడ మీది గోదావరి

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి ముగ్గుల పోటీ, కంటి వైద్య శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. నేను పటం సంగతే చెబుతాను. ఈ ఏడాది సంఘం గదికి జనం వచ్చింది దాని కోసమే మరి.

అది సర్వే ఆఫ్ ఇండియా వారి పాత టోపోషీట్ (నేల ఎత్తుపల్లాలు, ఏర్లు, ఊళ్లు చూపే పటం), మన సభ్యులొకరి అటక మీద దొరికింది. 65 ఎల్ నంబరు వరుసది, అంగుళానికి మైలు కొలత. గుడ్డ మీద అతికించి ఉండబట్టి చెదలు అంచులతో సరిపెట్టుకున్నాయి. అద్దం కట్టే ఆయన ఆ మిగిలిన అంచునే కత్తిరించబోయాడు. కొలబద్ద, గుర్తుల వివరం అక్కడే ఉంటాయని అడ్డుపడ్డాం.

మనది గోదావరి డెల్టా కాబట్టి ఎత్తు చూపే గోధుమరంగు గీతలు దాదాపు కనబడవు. అడుగుల్లో వేసిన అంకెలు మాత్రం అక్కడక్కడా ఉన్నాయి. వాటి మధ్య నీలంగా కాలువలు, 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక మన చేలకు నీళ్లు తెచ్చినవి. అయితే వచ్చినవాళ్ల వేలు ఆగేది యానాం చుట్టూ ఉన్న చుక్కా గీతా సరిహద్దు దగ్గరే. అవతల ఫ్రెంచివాళ్లు, ఇవతల 1947 దాకా బ్రిటిషువాళ్లు. 1954 నవంబరు 1న యానాం పాలన మన దేశం చేతికొచ్చేదాకా అవతల ఫ్రెంచివాళ్లే. 1930లో బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం బ్రిటిషు వైపు అమల్లోకి వచ్చాక, చిన్నపిల్లల పెళ్లిళ్లకు జనం ఆ గీత దాటి యానాం వెళ్లేవారు. 'మా నాయనమ్మ పెళ్లీ అక్కడే' అని ముగ్గురు ముచ్చటగా చెప్పబోతే, ఇది మురిసిపోయే సంగతి కాదని మహిళా సభ్యులు గట్టిగానే అన్నారు. నా మాటా అదే.

ఇక తగాదా. తమ లంక భూమి ఏటి కోతకు పోయి అవతల మేట వేసిందని, ఈ పటమే సాక్ష్యమని ఇద్దరు సభ్యులు పట్టుబట్టారు. ఈ కొలతలో అర మిల్లీమీటరు గీత నేల మీద దాదాపు 32 మీటర్లు! అంత మందం గీతతో గట్టు తగవు ఎలా తీరుతుంది? గ్రామ సర్వే కొలతల పటం, అడంగలు (పొలాల సాగు వివరాల గ్రామ లెక్క) పట్టుకుని వెళ్లమన్నాం. ఒకాయన ఇంకా నాతో మాట్లాడటం లేదు.

పటం పక్కన తెల్లకాగితం అంటించాం, పాత రేవుల పేర్లు రాయమని. ఇప్పటికి పదకొండు వచ్చాయి. అందులో రెండు పేర్లూ ఒకే రేవువని ఒక వీధి, కాదని ఇంకో వీధి.

– కార్యదర్శి