ఈత రాని పిల్లల్ని దీవుల దేశానికి పంపుతున్నాం

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. ఉండేది కావలిలో. మా పాప ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నగరంలో మెడిసిన్ చదువుతోంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అక్కడికి వెళ్లిన పిల్లలు చాలామందే ఉన్నారు. మా ఇంట్లో జరిగింది వాళ్ల అమ్మానాన్నలకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం డ్యూటీ దిగి డిపో ముందు టీ తాగుతుంటే మా బావమరిది ఫోన్ చేశాడు. "పాప స్టేటస్ చూశావా బావా, సముద్రంలో ఉందే!" అన్నాడు. నా ఫోన్లో ఆ స్టేటస్ కనపడలేదు. నాకు కనపడకుండా పెట్టి, మేనమామ సంగతి మరిచిపోయిందన్నమాట. ఫొటో పంపమని చూశాను. రెండు పక్కలా వెదురు బొంగులు కట్టిన పడవ, అందులో లైఫ్ జాకెట్లు వేసుకున్న ఆరుగురు ఆడపిల్లలు. ఆ పొద్దున్నే ఫోన్లో నాతో "రూములో చదువుకుంటున్నా నాన్నా" అని చెప్పింది.

నా కోపానికి ఒక కారణం ఉంది. ఇంటర్‌లో నా పక్కన కూర్చునేవాడు తుమ్మలపెంట దగ్గర సముద్రంలో దిగి తిరిగి రాలేదు. రెండో రోజు ఒడ్డుకు తెచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ తర్వాత నా పిల్లల్ని ఎప్పుడు బీచికి తీసుకుపోయినా తడి ఇసుక దాటనివ్వలేదు. "నీళ్ల జోలికి పోబాకమ్మా" అన్న మాట పాప వందల సార్లు విని ఉంటుంది. సముద్రానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో పుట్టి పెరిగిన పిల్లకి ఈత రాకపోవడానికి కారణం నేనే. ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో గేటు దాటలేదు. ఒంటరిగా ఒంగోలు బస్సు కూడా ఎక్కని పిల్లని చెన్నైలో విమానం ఎక్కించి, ఏడు వేలకు పైగా దీవులున్న దేశానికి పంపాను.

ఆ ఫొటో తర్వాత నెలన్నర సరిగా మాట్లాడుకోలేదు. చివరికి ఒక రాత్రి తనే ఫోన్ చేసి ఏడ్చింది. దావావ్‌కి ఎదురుగా సమాల్ అనే దీవి ఉంది. రేవులో బార్జి (జనాన్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ) ఎక్కితే పావుగంటలో అవతలి ఒడ్డు. ఆ దీవిలో ఒక జలపాతం దగ్గర వీళ్ల జూనియర్ అమ్మాయి నాచు మీద కాలు జారి లోతులో పడిందట. అక్కడ కొబ్బరి బోండాలు కొట్టే కుర్రాడు దూకి పైకి లాగాడు. "డాక్టర్ చదువు చదివేవాళ్లం ఆరుగురం గట్టు మీద నిలబడి అరిచాం నాన్నా. ఒక్కరికీ ఈత రాదు" అంది. వాళ్ల హాస్టల్లో శని, ఆదివారాలు బయటికి వెళ్లకూడదని రూలు. అందుకని అందరూ రిజిస్టర్‌లో లైబ్రరీ అని రాసి వెళ్లారు. ఆ పిల్ల పైకి రాకపోయి ఉంటే హాస్టల్ వాళ్లు లైబ్రరీలో వెతికేవాళ్లు. ఆ అమ్మాయి నాన్న కూడా నాలాగే, రూములో చదువుకుంటోందనే అనుకుని ఉంటాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మాయి నాకు భయపడి అబద్ధం చెప్పింది. నేను అన్ని వందల సార్లు చెప్పిన మాట ఆ జలపాతం దగ్గర ఎవరికీ పనికిరాలేదు. తెల్లారి డబ్బులు పంపి, ముందు ఈత నేర్చుకోమన్నాను. అక్కడే ఒక కొలనులో మూడు నెలలు నేర్చుకుంది. అప్పటి నుంచి మా మధ్య ఒకటే ఒప్పందం. ఎక్కడికైనా పో, బయలుదేరే ముందు చెప్పు, తిరిగొచ్చాక చెప్పు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. నేను తొలి సర్వీసుకని నాలుగింటికి డిపోకి పోతుంటే "బార్జి ఎక్కాం" అని మెసేజి వస్తుంది.

ఇప్పుడు ఆ ఊరు నాకూ కొంచెం తెలుసు. అక్కడి జీప్నీల్లో, అంటే జీపుని పొడవు చేసినట్టుండే ప్రయాణికుల బండ్లలో, చాలావాటికి కండక్టర్ ఉండడట. వెనక కూర్చున్నవాళ్ల చార్జీ చేతులు మారుతూ డ్రైవర్ దాకా పోతుంది, చిల్లర మళ్లీ అలాగే వెనక్కి వస్తుంది. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఊహించని సంగతి ఇది! దిగాలంటే "లుగార్ లాంగ్" అనాలి. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవరు, మన అక్కా, అన్నా లాగా "ఆతె", "కూయ" అంటారు. సమాల్‌లోని ఒక గుహలో పది లక్షలకు మించి గబ్బిలాలున్నాయి, 2010లో గిన్నిస్ రికార్డుకి ఎక్కాయి. రాత్రిపూట దురియన్ పూల మీద వాలి పుప్పొడి మోసేవి అలాంటి గబ్బిలాలేనని, అవి లేకపోతే దావావ్‌లో దురియన్ పండ్లు అన్ని కాయవని పాప చెప్పింది. దావావ్‌లోనే మలాగోస్ అనే చోట ఫిలిప్పీన్స్ గద్దల్ని కాపాడే కేంద్రం ఉంది. రెక్కలు చాపితే దాదాపు ఏడడుగులు ఉండే ఆ గద్ద వాళ్ల జాతీయ పక్షి. 1992లో అక్కడ మనుషుల సంరక్షణలో పుట్టిన పిల్లకి "ఆశ" అని అర్థం వచ్చేలా పగాసా అని పేరు పెట్టారట.

డబ్బులు పోసి చదివిస్తుంటే ఈ తిరుగుళ్లు దేనికని మా బంధువులు అడిగారు. నేనూ అడిగాను. పాప చెప్పిన జవాబు నాకు నచ్చింది. అక్కడి ఆసుపత్రుల్లో పేదవాళ్లు మాట్లాడేది బిసాయా. ఆ భాష క్లాసులో రాలేదు. బార్జిలో, సంతలో, పడవవాడితో బేరమాడుతూ వచ్చింది. వార్డుకి వెళ్లిన మొదటి రోజే ఒక ముసలావిడని "అసా ఆంగ్ సాకిట్?" అని, అంటే నొప్పి ఎక్కడ అని, తనే అడగగలిగింది.

అందుకని నేను కోరేది పిల్లల్ని ఆపమని కాదు. పిల్లల్ని పంపే కన్సల్టెన్సీలు సూట్‌కేసు బరువు గురించి, పచ్చళ్ల ప్యాకింగ్ గురించి గంటసేపు చెబుతాయి. నీళ్ల గురించి మాకు ఒక్క మాట చెప్పలేదు. ఇంటర్ పరీక్షలయ్యాక విమానం ఎక్కేదాకా పిల్లలకి నెలల తరబడి ఖాళీ. మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నంలో ఈత బాగా తెలిసిన మత్స్యకార యువకులు ఉన్నారు. జిల్లా అధికారులు వాళ్లకి జీతమిచ్చి వేసవిలో ఈత నేర్పిస్తే బాగుంటుంది, ఆడపిల్లలకి విడిగా. తుమ్మలపెంటలో ఒక పెద్దాయన్ని అడిగితే, నీళ్లు లోపలికి లాగేటప్పుడు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునిగిపోతారని, ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ లాగుడు తప్పించుకున్నాక ఒడ్డుకి రావాలని చెప్పాడు. పాపకి దావావ్‌లో కోచ్ చెప్పిందీ అచ్చం అదే. నా స్నేహితుడికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

హాస్టళ్లు నడిపేవాళ్లకి ఇంకొక విన్నపం. బయటికి పోవద్దనే రూలు తీసేసి, ఎక్కడికి పోతున్నారో నిజం రాసే రిజిస్టర్ పెట్టండి.

మా చిన్నవాడు తొమ్మిదో తరగతి. జలదంకి దగ్గర మా ఊళ్లో బావి ఉంది. ప్రతి ఆదివారం వాడి నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి దింపుతున్నాను. పోయిన వారం బుర్రలు విప్పేశాం. మెట్ల నుంచి మెట్లకి ఒక చుట్టు తిరిగొచ్చాడు.

ఇట్లు,
ఒక కండక్టర్, కావలి
(పాప చదువు ఇంకా పూర్తి కాలేదు కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.)