వైజాగ్ ట్రిప్ ప్లాన్, అందరూ చూడండి
పొద్దున్నే ఎండ ముదరకముందే భీమిలి రోడ్డెక్కేద్దాం, ముందు తొట్లకొండ బౌద్ధ స్తూపం, తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, అక్కడ వానకి కోసుకుపోయిన ఇసుక గోడల మధ్య నడుస్తుంటే సముద్రం పక్కనే ఉందంటే నమ్మబుద్ధి కాదు, తెల్ల బట్టలు మాత్రం వద్దు బాబూ, పిల్లల్ని గోడలెక్కనివ్వకండి, అసలే మట్టి జారిపోతోంది. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్, 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు రోడ్డవతల టీయూ-142 విమానం చూడొచ్చు. కైలాసగిరి రోప్‌వే టైముంటేనే, నాకైతే పోర్టు పక్కన రాస్ హిల్ ముఖ్యం, అక్కడ పక్కపక్క కొండల మీద చర్చి, దర్గా, వెంకన్న గుడి ఉంటాయి. సింహాచలం దర్శనం ఎవరెవరికి కావాలో ఇవాళే చెప్పండి.