నీ బండి పెట్రోల్ తాగుడు గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. ఏమనుకోకు గానీ చదువుతూ చాలాసేపు నవ్వుకున్నాను. ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు) గుడగుడలాడుతోంది, సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి తీస్తే కాటుక డబ్బాలో పెట్టినట్టుంది, వెనకాల నిలబడితే కళ్లు మండుతున్నాయి, ట్యాంకు నింపిన సంతోషం రెండు రోజులు కూడా ఉండట్లేదు అని రాశావు చూడు, అచ్చం నా ముసలి పికప్ ట్రక్కు చేసిన పనులే. దాని జాతకం నీ చేతిరాతలో చదివినట్టుంది.

నవ్వు ఎక్కడ ఆగిందంటే, "స్కానర్‌లో పి0172 అనే ఫాల్ట్ కోడ్ వచ్చింది, ఇంజిన్ రిచ్ (గాలికి మించి పెట్రోల్) అంటోంది, అందుకే ఆక్సిజన్ సెన్సర్ ఆర్డర్ పెట్టేశాను" అన్నచోట. ఆగరా బాబూ. అది వచ్చినా పెట్టె విప్పకు. నేనూ సరిగ్గా అదే చేశాను. కొత్త సెన్సర్ బిగించి, కోడ్ చెరిపి, గొప్పగా ఒక రౌండ్ వేసి వచ్చేసరికి మళ్లీ అదే లైటు, అదే కంపు. తర్వాత ప్లగ్గులు మార్చాను. అవి వారంలో నల్లబడ్డాయి, మళ్లీ మార్చాను. ఇంట్లో దొంగలు పడ్డారని అరిచినవాడిని పట్టుకుని కొట్టినట్టుంది నా వ్యవహారం.

ఒక్క నిమిషం ఆలోచించు. ఆ సెన్సర్ చేసే పని పొగలో ఆక్సిజన్ మిగిలిందో లేదో చూసి ఈసీయూకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి చెప్పడం. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోల్ ఎక్కువైతే పొగలో ఆక్సిజన్ మిగలదు, సెన్సర్ 0.8, 0.9 వోల్టుల దగ్గర కూర్చుంటుంది. గాలి ఎక్కువైతే 0.1 వైపు పడిపోతుంది. బాగున్న బండిలో 0.45కి అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఇప్పుడు నీ సెన్సర్ చెడిపోయి, ఊరికే రిచ్ రిచ్ అని అబద్ధం చెబుతోందనుకో. ఈసీయూ నమ్మి పెట్రోల్ కోసేస్తుంది కదా, అప్పుడు ఇంజిన్‌కి పెట్రోల్ చాలక ప్లగ్గులు తెల్లబడాలి. నీ ప్లగ్గులు నల్లగా మసి పట్టాయని నువ్వే రాశావు. సెన్సరూ రిచ్ అంటోంది, ప్లగ్గులూ రిచ్ అంటున్నాయి. పాపం నిజం చెప్పినవాడినే ఉద్యోగంలోంచి తీసేస్తున్నావు నువ్వు!

ఇంకా అనుమానంగా ఉంటే ఇంజిన్ నడుస్తుండగా ఏదో ఒక చిన్న వాక్యూమ్ గొట్టం (ఇంజిన్ గాలి పీల్చే దారికి కలిపిన సన్న గొట్టం) ఒక్క క్షణం పీకి చూడు. లోపలికి గాలి పోతుంది, సెన్సర్ రీడింగ్ కిందికి పడాలి. పడిందంటే అది బతికే ఉంది.

సరే, మరి ఏం చూడాలి? స్కానర్ ఉందన్నావు కాబట్టి కోడ్ దగ్గరే ఆగిపోకుండా లైవ్ డేటాలోకి వెళ్లి ఫ్యూయెల్ ట్రిమ్ చూడు. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండు ఉంటాయి. ఈసీయూ తన లెక్కకి ఎంత పెట్రోల్ కలుపుతోందో, ఎంత కోస్తోందో శాతాల్లో చూపిస్తుంది. రెండూ కలిపి సున్నాకి అటూ ఇటూ పది లోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. నీ కోడ్‌ని బట్టి మైనస్ 20 దగ్గరో ఇంకా కిందో ఉంటుందని నా పందెం. అంటే ఈసీయూ శక్తికొద్దీ కోస్తున్నా ఎక్కడినుంచో పెట్రోల్ దాని లెక్కకి అందకుండా లోపలికి వస్తోంది, లేదా లెక్క వేయడానికి దానికి ఇచ్చిన అంకెలే తప్పు. మైనస్ కాకుండా ప్లస్‌లో ఉండి కూడా పెట్రోల్ కంపు కొడితే అది వేరే కథ. ఒక సిలిండర్ మిస్సింగ్ కొట్టి కాలని గాలి బయటికి వచ్చినా, సెన్సర్‌కి ముందు సైలెన్సర్ పైపు పగిలి బయటి గాలి లోపలికి పీల్చుకున్నా సెన్సర్‌కి ఆక్సిజన్ కనిపిస్తుంది, ఈసీయూ పెట్రోల్ చాలట్లేదేమోనని ఇంకా పోస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా ట్రిమ్ సున్నా దగ్గర కదలకుండా ఉంటే ఈసీయూ ఇంకా సెన్సర్ మాట వినడమే మొదలుపెట్టలేదని అర్థం, అప్పుడు టెంపరేచర్ వైపు చూడాలి.

ట్రిమ్‌ని ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర రేస్ చేసి పట్టుకుని ఒకసారి రాసుకో. ఐడిల్‌లో ఘోరంగా ఉండి రేస్ చేస్తే కొంత సర్దుకుంటే, ఎక్కడో కొంచెం కొంచెంగా కారుతోందని అనుమానించు. కారే పెట్రోల్ అంతే, గాలి తక్కువ ఉన్నప్పుడు అదే పెద్దదిగా కనిపిస్తుంది. నా బండిలో జరిగింది ఇదే. మైనస్ 24 ఉన్నది రేస్ చేస్తే మైనస్ 9కి వచ్చేది. ఆ రెండు అంకెలూ ముందే చూసి ఉంటే నేను అన్ని ప్లగ్గులు కొనేవాడిని కాదు.

దొంగ ఎలా దొరికాడో చెప్తా విను. బానెట్ ఎత్తి దేనికోసమో చెయ్యి పెడితే ఫ్యూయెల్ రైల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే పైపు) చివర ఉండి పెట్రోల్ ప్రెజర్‌ని అదుపులో ఉంచే ప్రెజర్ రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం ఊడి చేతిలోకి వచ్చింది. గొట్టం లోంచి రెండు చుక్కలు పడ్డాయి. వాసన చూస్తే పెట్రోల్! ఆ గొట్టంలో గాలి తప్ప ఏమీ ఉండకూడదు. రెగ్యులేటర్ లోపల పలుచని డయాఫ్రమ్ ఉంటుంది, ఒకవైపు పెట్రోల్, ఇంకోవైపు ఇంజిన్ వాక్యూమ్. అది చిరిగితే ఇంజిన్ ఆ గొట్టం ద్వారా పెట్రోల్‌ని స్ట్రా పెట్టి తాగినట్టు నేరుగా తాగేస్తుంది, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లతో సంబంధమే లేదు. ఈసీయూకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది పాపం. నీది కూడా 90ల చివరి బండే, రెగ్యులేటర్ రైల్ మీదే ఉండొచ్చు. ఉంటే అన్నిటికన్నా ముందు ఆ గొట్టం పీకి ముక్కు పెట్టు. ఏ పనిముట్టూ అక్కర్లేని పరీక్ష. రెగ్యులేటర్ ట్యాంకులో ఉండే రకమైతే ఈ గొట్టం ఉండదు, వెతికి టైము పాడు చేసుకోకు.

కొత్త రెగ్యులేటర్ బిగించాను. ట్రిమ్ మైనస్ 24 నుంచి మైనస్ 13కి వచ్చింది, అక్కడే ఆగింది. నాకు పిచ్చెక్కింది. అంతా చేశాక ఇంకా ఏంటిది? మర్నాడు అలవాటు కొద్దీ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది. ఇంత వయసొచ్చిన ఇంజిన్ ఆయిల్ తాగుతుంది గానీ, ఆయిల్ పెరగడం ఏంట్రా! వాసన చూస్తే మళ్లీ పెట్రోలే. నెలల తరబడి కాలకుండా మిగిలిన పెట్రోల్ సిలిండర్ గోడల మీంచి జారి ఆయిల్‌లో కలిసిపోయింది. ఇంజిన్ వేడెక్కగానే అది ఆవిరై, ఆయిల్ ఉండే చోటి ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ గుండా మళ్లీ లోపలికే వస్తోంది. ఆయిలూ ఫిల్టరూ మార్చాను. రెండు రోజులు నడిపేసరికి ట్రిమ్ మైనస్ 3. నేను పొందిన ఆనందం వర్ణించలేను, ఇంట్లో వాళ్లకి చెబితే "అంటే ఏంటి?" అన్నారు. అందుకే నీకు రాస్తున్నా.

నీది రెగ్యులేటర్ కాకపోవచ్చు, అది కూడా గుర్తుంచుకో. గొట్టం పొడిగా ఉంటే అన్ని ప్లగ్గులూ తీసి వరసలో పెట్టు. ఏ సిలిండర్‌దో కలిసిపోకుండా అంకె రాసిపెట్టుకో. అన్నీ ఒకేలా నల్లగా ఉంటే అందరికీ ఉమ్మడిగా ఉన్న కారణం. ఒక్కటే నల్లగా ఉండి మిగతావి లేత ఇటుక రంగులో ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్ మూసుకోకుండా కారుతున్నట్టు. ఆపిన బండి గంట తర్వాత వేడి మీద స్టార్ట్ చేస్తే మొండికేస్తోందా? అది రాయలేదు నువ్వు. కారే ఇంజెక్టర్‌కి అదొక గుర్తు. మసి పొడిపొడిగా ఉండాలి సుమా, తడిగా జిడ్డుగా ఉంటే అది పెట్రోల్ కాదు, ఆయిల్ లోపలికి వస్తోంది, ఆ కథ వేరు.

ఇంకోటి, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయకుండా కీ మాత్రం తిప్పి స్కానర్‌లో చూస్తే కూలెంట్ టెంపరేచరూ లోపలికొచ్చే గాలి టెంపరేచరూ దాదాపు ఒకటే ఉండాలి. ఒకటి 22 అని ఇంకోటి 2 అంటే ఎవడో అబద్ధం చెబుతున్నట్టే. మైనస్ 40 చూపిస్తే కనెక్టర్ ఊడినట్టో వైరు తెగినట్టో. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని నమ్మిన ఈసీయూ పాత బండ్లలో చోక్ లాగినట్టు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. ఇరవై నిమిషాలు నడిపినా 60 దాటకపోతే సెన్సర్ని తిట్టకు, కూలెంట్ దారిని మూసి తెరిచే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది. నిజంగానే ఇంజిన్ చల్లగా ఉన్నట్టు.

ఇంజిన్ వాక్యూమ్ కొలిచే మ్యాప్ సెన్సర్ ఉన్న బండైతే దాని రబ్బరు గొట్టం చివర పగిలిందేమో వంచి చూడు. పగిలితే వాక్యూమ్ అందక, ఐడిల్‌లో ఉన్నా ఇంజిన్ బరువు లాగుతోందని అనుకుని ఈసీయూ పెట్రోల్ పోస్తుంది. ఇక ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌కి పంపే పర్జ్ వాల్వ్. ఐడిల్‌లో క్యానిస్టర్ (ఆ ఆవిరిని పట్టి ఉంచే డబ్బా) వైపు గొట్టం పీకి వేలు అడ్డం పెట్టు, వేలు పట్టి లాగుతూనే ఉంటే అది మూసుకోవట్లేదు. ట్యాంకు నింపిన వెంటనే రోగం ఎక్కువవుతుంటే దీన్నే ముందు అనుమానించు. ఎయిర్ ఫిల్టర్ అంటావా, అందరూ మొదట దాన్నే అంటారు. కార్బ్యురేటర్ రోజుల్లో నిజమే. ఇంజెక్షన్ బండిలో గాలి తగ్గితే పెట్రోల్ కూడా లెక్కగా తగ్గుతుంది, ఫిల్టర్ మురికిగా ఉంటే మార్చుకో గానీ దాని మీద ఆశ పెట్టుకోకు.

జాగ్రత్త ఒక్కటే. రైల్ దగ్గర ఏది విప్పాలన్నా ఇంజిన్ చల్లారాక, ప్రెజర్ వదిలేశాక. నువ్వు సిగరెట్ మానేశానని అంటున్నావు, నమ్ముతున్నాను, అయినా ఆ చుట్టుపక్కల ఎవరినీ రానివ్వకు. వచ్చే నెల చూద్దాంలే అని కూడా వాయిదా వేయకు. గోడల మీది ఆయిల్ పొరని పెట్రోల్ కడిగేస్తుంటే పిస్టన్ రింగులు అరిగిపోతాయి, సగం కాలిన పెట్రోల్ అంతా పొగని శుభ్రం చేసే కన్వర్టర్‌లోకి పోయి కాలితే అది ఎర్రగా మండి కరిగిపోతుంది.

రేపు పొద్దున్నే కీ తిప్పి ఆ రెండు టెంపరేచర్లు, తర్వాత వేడెక్కాక ఐడిల్‌లోనూ 2500 దగ్గరా ట్రిమ్ అంకెలు, గొట్టం వాసన, ప్లగ్గుల ఫోటో, డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎంత పైకి ఉందో, ఇవి పంపు. ఆ సెన్సర్ పెట్టె సీలు తీయకపోతే వాపసు తీసుకుంటారేమో కనుక్కో.

నీ
వాసు