తాళంచెవి కన్నా ముందు కుళాయి నీళ్లు

సంపాదకులకు,

పట్టణ పేదల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టే ఇళ్లకు కేంద్రం ఇచ్చేది ఇంటికి రూ.1.5 లక్షలు. 365, 430 చదరపు అడుగుల ఇళ్లకైతే లబ్ధిదారు పేరిట బ్యాంకు రుణం కూడా ఉంటుంది. గోడలు లేచినా మంచినీటి లైను, మురుగు శుద్ధి పూర్తికాకపోతే ఎవరూ చేరలేరు; లబ్ధిదారు మీద ఇప్పుడుంటున్న ఇంటి అద్దెకు తోడు రుణ వాయిదా కూడా పడుతుంది. కుళాయిలో నీళ్లు వచ్చాకే గుత్తేదారుకు ఆఖరి బిల్లు చెల్లించాలి. తాళంచెవి చేతికి అందాకే రుణ వాయిదా మొదలవ్వాలి.

ఇవి షియర్ వాల్ ఇళ్లు, బరువు మోసేది గోడే. పైపు కోసమో అలమర కోసమో దాన్ని కొడితే లోపలి ఇనుము తెగుతుంది. ఈ సంగతి ఇంట్లో దిగేవారికి ఎవరు చెబుతారు? నివాసుల సంఘం పెట్టించి, మోటారు కరెంటు బిల్లు, సంపు శుభ్రత లెక్కలు నేర్పే పని స్వచ్ఛంద సంస్థకు రెండేళ్లపాటు అప్పగించి, ఆ ఖర్చును ఒప్పందంలోనే రాయాలి.

– ఒక గృహనిర్మాణ ఇంజినీరు, గుంటూరు