ఎండ్‌లైన్ మార్కులు మీకు చేరినయి, మా బడికి ఏం తిరిగి రాలే సార్

విద్యాశాఖ పెద్దసారు గారికి, ములుగు అడవి అంచు ఊర్ల పనిచేసే ఒక సింగిల్ టీచర్ నమస్కారం.

ఈ పరీక్షల సంగతి మూడుసార్లు కాగితం రాసిచ్చిన, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌ల లేచి చెప్పిన, "పైకి పంపినం" అన్నరు, అంతే. ఇగ అందరి ముందట రాస్తున్న.

చిన్న తరగతుల పిల్లలకు చదువుడు, రాసుడు, లెక్కలు వచ్చేటట్టు చేసే సర్కారు కార్యక్రమం తొలిమెట్టు 2022ల మొదలైన కాడి నుంచి ఏడాది మొదట్ల బేస్‌లైన్, నడుమ మిడ్‌లైన్, ఆఖర్ల ఎండ్‌లైన్ అని ఏ పరీక్ష పెట్టమంటే అది పెట్టినం, వీటి నడుమ ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు అనే బడి మామూలు పరీక్షలు ఉండనే ఉన్నయి. ఐదు తరగతులకు నేనొక్కన్నే, ఒక్కొక్కల్ని దగ్గర కూసోవెట్టుకొని చదివిస్తుంటే మిగిలినోళ్లకు ఎవరు చెప్పాలె సార్?

ఒక్క పిల్ల సంగతి వినండి. మూడో తరగతి, ఇంట్ల కోయ మాట్లాడ్తరు. జూన్‌ల వచ్చినప్పుడు సగం అక్షరాలు గుర్తువట్టలే. సంక్రాంతి దాటినంక ఒకనాడు బోర్డు మీద "మా ఊరి చెరువు నిండింది" అని రాస్తే ఎవరూ చెప్పకుండనే చదివి నా దిక్కు చూసి నవ్వింది, ఆ రోజు నాకు అన్నం తినబుద్ధి కాలే సంతోషంతోని. తర్వాత మిర్చి ఏరుడు మొదలైంది, అమ్మెంట చేన్లకు పోయింది, నెలన్నర బడికి రాలే. వచ్చేసరికి ఎండ్‌లైన్. కేంద్రం పెట్టిన చదువు కార్యక్రమం నిపుణ్ భారత్ లెక్కల మూడో తరగతి పిల్ల నిమిషానికి 60 పదాలు అర్థం చేసుకుంట చదవాలె, ఈమె 20 దగ్గర ఆగింది. ఫారంల "రాదు" దిక్కు పడ్డది. అక్షరాలే సరిగ రాని కాడి నుంచి 20 పదాల దాకా వచ్చిన సంగతి రాయడానికి ఆ ఫారంల ఒక్క గడి లేదు సార్. వాళ్ల నాయిన వచ్చి "మా బిడ్డకు ఏం రాదా సారూ" అని అడిగితే నోట మాట రాలే.

2021ల నాస్, 2024 డిసెంబర్‌ల పరఖ్ అని దేశమంతట పరీక్షలు అయినయి, అవి కొందరు పిల్లల్నే చూసే శాంపిల్ సర్వేలు, జిల్లా ఎట్లున్నదో చెప్తయి, కావాలె కూడా. కానీ మేము పిల్ల పిల్లకు చూసి పంపినయి కూడా పైన్నే ఉండిపోతే ఎట్ల? ఫలానా పిల్లలకు ఫలానాది రాలే, ఇట్ల చెప్పి చూడు అని ఒక్క కాగితం రాలే, శాతం ఎందుకు తగ్గిందనే మెసేజ్ మాత్రం తెల్లారేసరికి వస్తది. ఆ భయానికి కొందరు ఎక్కువేసి పంపుతున్నరు, అది తప్పే, గని అట్ల చేసినంక ఇగ ఆ లెక్కల నిజం ఏముంటది సార్?

దండం పెట్టి అడుగుతున్న, పరీక్షలు తగ్గించుండ్రి, ఫలితం వారంల మా చేతికి ఇయ్యుండ్రి, పిల్ల ఎక్కడ మొదలైందో కూడా లెక్కల వట్టుండ్రి, ఎండ్‌లైన్ మిర్చి కోతలు చూసుకొని పెట్టుండ్రి, ఇంకో టీచర్‌ను ఇయ్యుండ్రి. ఆ పిల్ల జూన్‌ల నాలుగుకు వస్తది, మళ్లీ బేస్‌లైన్ పెట్టాలె. అప్పటిలోపు ఏదో ఒక జవాబు పంపుండ్రి సార్.