మా వాడి మెడ పట్టి చూసిన నర్సమ్మకు

మాది పాకాల పక్కన పల్లె. మా పిల్లోడికి 11 ఏళ్లు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో 24 రోజులు ఉండి నిన్న ఇంటికొచ్చాడు. వచ్చీరాగానే పోయి దూడ దగ్గర కూర్చున్నాడు.

ఆ ఆదివారం ఆడుకుంటూనే తల పట్టుకుని కూలబడ్డాడు. "అమ్మా, తల పగిలిపోతోంది" అన్నాడు. రెండుసార్లు వాంతి. ఎండదెబ్బ అనుకున్నాం, మా అత్త దిష్టి తీసింది. ఒక క్లినిక్‌లో గ్యాస్ అని సూది వేసి పంపించారు. తెల్లారేసరికి వెలుతురు చూడలేక దుప్పట్లో ముఖం దాచుకున్నాడు.

ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోతే, డ్యూటీలో ఉన్న నర్సమ్మ చీటీ కూడా రాయకముందే "నాన్నా, గడ్డం ఎదకు ఆనించు" అంది. వాడి వల్ల కాలేదు. తల కింద చేయి పెట్టి మెల్లగా లేపి చూసింది. మెడ కర్రలా బిగుసుకుపోయింది. "ఇది గ్యాస్ కాదమ్మా, వెంటనే తల స్కాన్ తీయించాలి" అని డాక్టరుగారిని పిలిచి, తానే 108కి ఫోన్ చేసింది.

సీటీలో మెదడు చుట్టూ రక్తం కనిపించింది. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి ఆంజియో, అంటే రక్తనాళాల ఫోటో తీస్తే అన్యురిజం అని తేలింది. డాక్టరుగారు చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు: సైకిల్ ట్యూబు పలచబడిన చోట ఉబ్బినట్టు రక్తనాళం ఉబ్బి చిట్లింది, మళ్లీ చిట్లితే ప్రాణానికే ముప్పు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో పిల్లలు నూటికి ఐదుగురు కూడా ఉండరట. దెబ్బ తగిలిందా, గుండెలో ఇన్ఫెక్షన్ ఉందా అని అన్నీ వెతికారు. కారణం దొరకలేదు.

తల తెరిచి క్లిప్ పెట్టకుండా, నాళంలోంచే పోయి ఆ ఉబ్బును కాయిల్ అనే సన్నటి ప్లాటినం తీగచుట్టతో నింపారు. గండం గడిచిందనుకున్నాను. కానీ కారిన రక్తం వల్ల నాళాలు ముడుచుకుపోయే ప్రమాదం రెండు వారాల దాకా ఉంటుందన్నారు. నాలుగు గంటలకోసారి మాత్ర. అర్ధరాత్రి సిస్టర్లు లేపి "నీ పేరేంటి? చేతులెత్తు" అనేవాళ్లు. వాడు రెండు చేతులూ సమానంగా ఎత్తేదాకా నాకు ఊపిరాడేది కాదు.

ఆ సిస్టర్లకు, డాక్టర్లకు, 108 అన్నకు, ఇన్నాళ్లూ మా ఆవుల పాలు పితికి డెయిరీకి పోసిన పక్కింటి వదినకు దండాలు. ఆరు నెలలకు మళ్లీ ఆంజియో ఉంది. పిల్లల్లో తిరిగి రావచ్చట, ఏళ్ల తరబడి చూపించుకోవాలి. చూపిస్తాం. మా అత్త వాడి తలనీలాలు కొండకు మొక్కుకుంది.

నర్సమ్మా, నిన్న దారిలో మీ దగ్గరికే వచ్చాం. మీరు వేరే ఊరికి మారారన్నారు. అయినా వాడు మీ బల్ల ముందు నిలబడి, గడ్డం ఎదకు ఆనించి చూపించాడు.